అతిథికి గడువుంది: సైనిక పాలనలో ప్రవాస కుటుంబ జీవితం, 'బర్మా క్రానికల్స్'లో సాక్ష్యనీతి

1. ప్రస్తావన

యాత్రా సాహిత్యాన్ని తెలుగు విమర్శ ప్రధానంగా రెండు కోణాల నుంచి పరిశీలిస్తూ వచ్చింది. యాత్రికుడు ఏమేమి చూశాడు అన్నది మొదటిది. చూసినదాన్ని ఎంత నమ్మకంగా, ఎంత రమణీయంగా చెప్పాడు అన్నది రెండవది. మజిలీలనూ దారి వివరాలనూ దినచర్యగా నమోదు చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' (1838) నుంచి ఇటీవలి విదేశయాత్రల వరకు ఈ రెండు కోణాలూ చాలావరకు సరిపోయాయి. అయితే మాట్లాడడమే నేరమైన చోటికి, పరాయివాడిని ఇంట్లో పడుకోబెట్టుకోవడానికి కూడా అనుమతి కావలసిన చోటికి యాత్రికుడు వెళ్లినప్పుడు మూడవ ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. అతడు చూసి చెప్పినందుకు మూల్యం చెల్లించేది ఎవరు?

కెనడాకు చెందిన చిత్రకథకుడు గీ దెలీల్ ఫ్రెంచిలో రచించి 2007లో ప్రచురించిన బొమ్మల యాత్రాస్మృతి, 2008లో 'బర్మా క్రానికల్స్' పేరుతో ఆంగ్లంలోకి వచ్చింది. ఆ గ్రంథాన్ని ఆధారంగా చేసుకొని పై ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. సైనిక పాలనలో అతిథి పొందే భద్రతకు ధర ఆతిథేయుడు చెల్లిస్తాడనీ, కాబట్టి అతిథి రచనకు ధైర్యం కంటే ముందు కావలసిన గుణం తన భద్రతను తాను దాచిపెట్టకపోవడమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ గుణం ఉన్నంత మాత్రాన రచన పరిపూర్ణ సాక్ష్యం కాజాలదని కూడా వాదిస్తుంది. ఈ రెండవ మాటకు ఆధారం రంగూనులో తరతరాలు బతికిన తెలుగువారి చరిత్రలోనే ఉంది.

2. గ్రంథ స్వరూపం

దెలీల్ అంతకుముందు యానిమేషన్ ఉద్యోగంపై చైనాలోనూ ఉత్తర కొరియాలోనూ గడిపిన రోజులను 'షెన్‌జెన్' (2000), 'ప్యాంగ్‌యాంగ్' (2003) గ్రంథాలుగా చిత్రించాడు. ఆ రెండింటిలో అతడు ఒంటరి ఉద్యోగి. బర్మా గ్రంథంలో పరిస్థితి వేరు. ఉద్యోగం భార్యది. 'సరిహద్దులు లేని వైద్యులు' అనే అర్థం గల ఫ్రెంచి పేరుతో ప్రసిద్ధమైన ఎం.ఎస్.ఎఫ్. సంస్థ ఫ్రాన్సు విభాగం తరఫున ఆమె పనిచేస్తుంది. ఇల్లు, పసిబిడ్డ అతని వంతు. 2005-06 ప్రాంతంలో రంగూనులో ఆ కుటుంబం గడిపిన ఏడాదికి పైబడిన కాలమే ఇందులోని వస్తువు.

కథనం చిన్న చిన్న ఘట్టాలుగా సాగుతుంది. అద్దె ఇంటి వెతుకులాట, కరెంటు కోతలు, ఉక్కపోత, బిడ్డను తోపుడుబండిలో కూర్చోబెట్టి వీధుల్లో తిప్పడం, విదేశీయుల సంతర్పణలు, కొత్త సంవత్సరపు నీళ్ల పండుగ, స్థానిక చిత్రకారులకు యానిమేషన్ నేర్పడం, బౌద్ధ విహారంలో కొద్దిరోజుల ధ్యానం మొదలైనవి ఇందులో కనిపిస్తాయి. గీత సరళమైనది. బూడిదరంగు ఛాయలు తప్ప వర్ణాలు లేవు. రచయిత తనను తాను కొంత వికటంగా, ఎప్పుడూ కాస్త తెల్లబోయిన ముఖంతో గీసుకుంటాడు.

పేరు విషయంలోనే ఒక నైతిక నిర్ణయం ఇమిడి ఉంది. 1989లో సైనిక ప్రభుత్వం దేశం పేరును మయన్మార్‌గా మార్చింది. ఐక్యరాజ్యసమితి ఆ పేరును అంగీకరించింది. ఆ ప్రభుత్వపు సాధికారతను ఒప్పుకోని దేశాలు కొన్ని పాత పేరునే వాడుతూ వచ్చాయి. గ్రంథారంభంలోనే రచయిత ఈ సంగతి ప్రస్తావించి పాత పేరును శీర్షికలో నిలిపాడు. ఈ వ్యాసం కూడా అందుకే ఆ కాలానికి సంబంధించినంతవరకు బర్మా అనే వ్యవహరిస్తుంది.

3. అతిథి ధర్మం, ఆతిథేయుడి ముప్పు

మన సంప్రదాయంలో ఆతిథ్య చర్చ దాదాపు పూర్తిగా ఆతిథేయుడి ధర్మం గురించినదే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి అతిథిని దేవతతో సమానంగా చూడమని బోధిస్తుంది. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు నిరాహారంగా ఎదురుచూసినందుకు యముడంతటివాడు మూడు వరాలిచ్చి దోషం తీర్చుకుంటాడు. అతిథి ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్న ప్రశ్నకు ఇంత విస్తృతమైన సమాధానం మనకు దొరకదు. అతిథి వల్ల ఆతిథేయుడికి రాగల ఆపద గొప్ప శాస్త్రచర్చకు ఎక్కలేదు.

కావ్యంలో మాత్రం ఆ ఆపద ఉంది. 'మనుచరిత్ర'లో ప్రవరుడి ఇంటికి వచ్చిన సిద్ధుడు దేశదేశాల వింతలు చెబుతాడు. విన్న గృహస్థు ఆ దూరాలను తానూ చూడాలనుకుంటాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం హిమాలయం దాకా తీసుకుపోతుంది. అక్కడి మంచునీటికి అది కరిగిపోతుంది. సిద్ధుడు ఎక్కడికైనా వెళ్లి తిరిగి రాగలడు; చిక్కుబడింది ప్రవరుడు. యాత్రికుడికీ గృహస్థుకూ మధ్య ఉన్న అసమానత అంతా ఆ లేపంలో ఉంది. ఆధునిక ప్రపంచంలో దాని స్థానాన్ని పాస్‌పోర్టు ఆక్రమించింది. కెనడా పాస్‌పోర్టు ఏ మంచుకూ కరగదు. దాని ప్రభావంతో దెలీల్ చెప్పిన కథను రంగూనులోని అతని పొరుగువాడు చెప్పదలచుకుంటే దారి చెరసాల వైపు ఉంటుంది.

ఇది అలంకారప్రాయమైన మాట కాదు. బర్మాలో ఒక ఇంట్లో బయటివారు రాత్రి బస చేస్తే స్థానిక అధికారికి తెలియజేయాలన్న నిబంధనకు మూలాలు 1907 నాటి బ్రిటిష్ వలస చట్టాలలో ఉన్నాయి. సైనిక ప్రభుత్వాలు దాన్ని అర్ధరాత్రి సోదాలకు సాధనంగా చేసుకున్నాయి. ప్రజాప్రతినిధుల ప్రభుత్వం 2016లో తొలగించిన ఆ నిబంధనను, 2021 ఫిబ్రవరి 1న అధికారం హస్తగతం చేసుకున్న సైన్యం అదే నెలలో పునరుద్ధరించింది. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని మన వ్యుత్పత్తి చెబుతుంది. ఆ దేశంలో అతిథికి తిథి ఉంది. విదేశీయుడైతే వీసా గడువు రూపంలో, స్వదేశీయుడైతే ఇంటి పట్టికలో నమోదు రూపంలో.

ఆంగ్ సాన్ సూకీ ఉదంతం ఈ అసమానతకు పరాకాష్ఠ. 2009 మే నెలలో ఒక అమెరికన్ పౌరుడు ఇన్యా సరస్సును ఈది, పిలవకుండానే ఆమె ఇంట్లో ప్రవేశించి రెండు రాత్రులు గడిపాడు. ఆమె గృహనిర్బంధపు గడువు ముగియబోతున్న రోజులవి. నిర్బంధ నియమాలను ఉల్లంఘించిందన్న నేరంపై న్యాయస్థానం ఆగస్టులో ఆమెకు మూడేళ్ల కఠిన శిక్ష విధించింది. దాన్ని సైనికాధినేత 18 నెలల గృహనిర్బంధంగా తగ్గించాడు. ఫలితంగా 2010 నవంబరు ఎన్నికలు ముగిసేదాకా ఆమె ఇల్లు దాటలేదు. అతిథికి ఏడేళ్ల శిక్ష పడింది కాని అదే నెలలో విడుదలై స్వదేశానికి వెళ్లిపోయాడు. సదుద్దేశం ఉన్న అతిథి కూడా ఎంతటి హాని చేయగలడో ఈ ఉదంతం చెబుతుంది.

దెలీల్ గ్రంథంలోనూ ఆ ఇంటి ప్రస్తావన ఉంది. తోపుడుబండిలో బిడ్డతో అతడు ఆ వీధిలో నడవడానికి ప్రయత్నిస్తాడు. కాపలావాళ్లు వెనక్కి పంపుతారు. అతడు తిరిగి వస్తాడు. ఘట్టంలో సాహసం లేదు, సంభాషణ లేదు, నాయికా దర్శనం లేదు. పాఠకుడికి దక్కింది ఒక అడ్డుకంచె మాత్రమే. ఈ లేమిని లోపంగా ఎత్తిచూపడం సులభం. కాలం దీనికి మరో అర్థం చేర్చింది. ఆ రోజుల్లో సూకీని దాదాపు దేవతామూర్తిగా చిత్రించిన విదేశీ రచయితలు, 2019 డిసెంబరులో ఆమె అంతర్జాతీయ న్యాయస్థానంలో రోహింగ్యాల విషయమై తన దేశ సైన్యం చర్యలను సమర్థించినప్పుడు చిక్కులో పడ్డారు. చూడనిదాన్ని గీయని దెలీల్‌కు దిద్దుకోవలసింది ఏమీ మిగలలేదు.

4. చిన్న విషయాల న్యాయం

ఈ గ్రంథంపై రాగల బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. చెరసాలల్లో వందలాది రాజకీయ ఖైదీలు మగ్గుతూ ఉంటే, సరిహద్దు కొండల్లో గ్రామాలు తగలబడుతూ ఉంటే, ఒక తండ్రి తన బిడ్డ ఆటపాటల గురించి, పనిచేయని ఏసీ గురించి నవ్వు పుట్టించేలా బొమ్మలు వేయడం ఔచిత్యమేనా? ఔచిత్యాన్ని రసానికి ప్రాణంగా భావించిన మన కావ్యశాస్త్ర సంప్రదాయం నుంచి చూస్తే ఇది కేవలం రుచికి సంబంధించిన ప్రశ్న కాదు. బాధ ఉన్న చోట హాస్యం పండించడంలో బాధితుడి పట్ల అవమానం ఉండవచ్చు.

దీనికి సమాధానం సైనిక పాలన పనిచేసే తీరులో వెతకాలి. అటువంటి పాలన ప్రతిరోజూ తుపాకి పేల్చదు. రోజువారీ జీవితంలో అది కరెంటు వేళల రూపంలో, ప్రయాణ అనుమతి పత్రాల రూపంలో, అచ్చుకు ముందే పరిశీలనకు పోవలసిన పత్రికల రూపంలో ఉంటుంది. బర్మాలో ఈ ముందస్తు పరిశీలన 2012 ఆగస్టు వరకు కొనసాగింది. 2005 నవంబరులో రాజధాని ఉన్నట్టుండి రంగూను నుంచి నేపిడాకు తరలిపోవడం మొదలైనప్పుడు ఉద్యోగులకు కారణం చెప్పినవారు లేరు. మూటాముల్లె సర్దుకోవడమే వారి వంతు అయింది. కారణం అడగకుండా బతకడం అలవాటు చేయించడమే ఆ పాలన సాధించిన విజయం. కుటుంబ జీవితాన్ని వస్తువుగా తీసుకున్న రచన ఈ అలవాటును చూపగలిగినంతగా యుద్ధవార్త చూపలేదు. బిడ్డకు పాలు, ఇంటికి వెలుతురు, వీధికి నడక అన్నవి కూడా పైవాడి దయపై ఆధారపడి ఉన్నాయని తెలిసినప్పుడు పాఠకుడికి నిరంకుశత్వం ఒక అనుభవంగా అందుతుంది.

అయినా ఆక్షేపణ పూర్తిగా తొలగిపోదు. దెలీల్‌కు కరెంటు కోత అసౌకర్యం. గడువు ముగిశాక ఉండదని తెలిసిన అసౌకర్యం. పొరుగువాడికి అదే బతుకు. ఒకే చీకటిలో కూర్చున్న ఇద్దరి అనుభవాలు సమానం కావు. తన చికాకును దేశం చికాకుకు కొలబద్దగా చేసే ప్రమాదం ఏ ప్రవాస రచనకైనా పొంచి ఉంటుంది. ఆ ప్రమాదాన్ని దెలీల్ ఎదుర్కొన్న తీరు గమనించదగినది. చికాకు పడుతున్న తనను తానే హాస్యానికి లక్ష్యం చేసుకుంటాడు. విదేశీయుల సంతర్పణల్లోని వెగటును, తన ఇంట్లో కాపలాకు, వంటకు మనుషులుండడాన్ని దాచడు. స్థానికుల అంతరంగంలోకి దూరి వారి తరఫున మాట్లాడడు. వారు చెప్పినంతే, అదీ కొంతే, బొమ్మలోకి వస్తుంది. ఈ సంయమానికి రెండు ఫలితాలున్నాయి. స్థానికులకు కొంత రక్షణ దొరుకుతుంది. వారి గొంతు మాత్రం గ్రంథంలో పలచబడుతుంది. మొదటిదాని కోసం రెండవదాన్ని వదులుకోవడం అతిథి రచనకు తప్పనిసరి అయిన నష్టం. నష్టం కాదని ఎవరైనా అంటే అంగీకరించడం కష్టం.

5. ఉండడమా, వెళ్లడమా

రచయిత ఎదుట ఉన్న ప్రశ్నే అతని భార్య పనిచేసే సంస్థ ముందు మరింత తీవ్రంగా నిలిచింది. మోన్, కరెన్ రాష్ట్రాలలో యుద్ధ బాధిత ప్రజలకు వైద్యం చేయడం ఎం.ఎస్.ఎఫ్. ఫ్రాన్సు విభాగం లక్ష్యం. అధికారులు ప్రయాణ అనుమతులు బిగించారు. రోగుల వద్దకు స్వేచ్ఛగా వెళ్లే వీలు లేనప్పుడు తమ ఉనికి ప్రభుత్వానికి అలంకారంగా మిగులుతుందని భావించిన ఆ విభాగం 2006 మార్చిలో తన కార్యక్రమాన్ని ముగించినట్లు బహిరంగంగా ప్రకటించింది. అంతకుముందే, 2005 ఆగస్టులో, ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాడే గ్లోబల్ ఫండ్ తన సహాయాన్ని ఉపసంహరించుకుంది. ఆ ఏడాది చివర అంతర్జాతీయ రెడ్‌క్రాస్ చెరసాలల సందర్శనను నిలిపివేయవలసి వచ్చింది. ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడనివ్వకపోతే సందర్శనకు అర్థం లేదన్నది దాని వైఖరి.

అదే ఎం.ఎస్.ఎఫ్. హాలండ్ విభాగం మాత్రం దేశంలోనే ఉండిపోయింది. 2008 నాటికి ఎం.ఎస్.ఎఫ్. ద్వారా అక్కడ 11 వేలకు పైగా ఎయిడ్స్ రోగులు మందులు పొందుతున్నారు. ప్రభుత్వం చేస్తున్న చికిత్స అందులో చిన్న భాగం మాత్రమే. ఆ విభాగం కూడా వెళ్లిపోయి ఉంటే ఆ రోగుల గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

వీరిలో ఎవరిది ధర్మం? ఫలితాన్ని బట్టి తూచేవారు ఉండిపోయినవారి పక్షాన నిలుస్తారు. ప్రాణం నిలిపే మాత్రకు మించిన వాదం లేదు. ఉద్దేశశుద్ధిని బట్టి తూచేవారు వెళ్లిపోయినవారిని సమర్థిస్తారు. నిరంకుశుడి ముఖానికి మంచి రంగు పూసే పనిలో పాలుపంచుకోవడం తమ వృత్తిధర్మానికే ద్రోహం. ఈ రెండు త్రాసుల్లోనూ ఒక అంశం తూకానికి రావడం లేదు. ఉండాలా వెళ్లాలా అని నిర్ణయించేవారెవరూ ఆ నిర్ణయ ఫలితాన్ని తమ శరీరంపై అనుభవించరు. మోన్ గ్రామంలో మలేరియా రోగికి ఈ చర్చలో ఓటు లేదు. నిర్ణయం ఎటు జరిగినా అతని ముందు లెక్క చెప్పవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది. వెళ్తున్నవారు ఎందుకు వెళ్తున్నారో బహిరంగంగా చెప్పాలి. ఉన్నవారు ఏ షరతులకు తలవంచి ఉన్నారో దాచకూడదు. నిర్ణయంలోని మంచిచెడ్డలు ఎంత సందిగ్ధమైనా ఈ లెక్క చెప్పడం సందిగ్ధం కాదు.

దెలీల్ గ్రంథం ఈ వివాదంలో తీర్పరి కాదు. సంస్థలో జరిగే తర్జనభర్జనలను ఇంటి నుంచి వింటున్న వ్యక్తిగా నమోదు చేస్తుంది. భార్య పని ముగియడంతో కుటుంబం కాలం కూడా ముగింపుకు వస్తుంది. ఆ క్షణంలో వారి చేతిలో ఉన్నది, చుట్టుపక్కలవారికి లేనిది, తిరుగు ప్రయాణం.

6. రంగంలో మరో కుటుంబం

ఈ మాట దగ్గర తెలుగు పాఠకుడు ఆగక తప్పదు. దెలీల్ నడిచిన రంగూనును మనవాళ్లు 'రంగం' అని పిలిచారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది. రేవులో బరువులు మోయడం, బియ్యపు మిల్లుల్లో పని, రిక్షా లాగడం వంటి కష్టమైన పనులు వారివి. 1931 జనాభా లెక్కల్లో రంగూను నగరవాసుల్లో సగానికి మించి భారతీయులు. అంతకు ముందు ఏడాదే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె, వారి స్థానంలో బర్మా కూలీల నియామకం, సమ్మె తీరాక వారి తొలగింపు వరసగా జరిగి, ఘర్షణ నెత్తుటి మారణకాండగా మారింది. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలే. యాజమాన్యాల లెక్కలకు పేదవాళ్లు ఒకరినొకరు చంపుకున్న ఘట్టమది.

1942లో జపాను దండయాత్రతో లక్షలాది భారతీయులు అడవిదారుల వెంట కాలినడకన పారిపోయారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్న తరువాత దుకాణాల జాతీయీకరణ వచ్చింది. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. కూడబెట్టుకున్నది పోగొట్టుకొని, నగలూ నగదూ వెంట తెచ్చుకోవడంపై ఆంక్షల మధ్య, కుటుంబాలకు కుటుంబాలు ఓడలెక్కాయి. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంపు' అనే పేరు ఆ రాకకు నేటికీ గుర్తు. ఇక 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి స్థిరపడిన జాతులకు చెందినవారినే సహజ పౌరులుగా గుర్తించింది. అక్కడే పుట్టి అక్కడే పెరిగిన వారు కూడా చట్టం దృష్టిలో అతిథులుగా మిగిలారు.

ఇదీ సైనిక పాలన కింద పరదేశంలో కుటుంబ జీవితమే. దెలీల్ కుటుంబానికీ దీనికీ మధ్య తేడా ఎక్కడుంది? ఇద్దరూ పరాయివారే. ఒకరి పరాయితనం రక్షణ కవచం, మరొకరి పరాయితనం శిక్షకు కారణం. దెలీల్ అతిథిగా వెళ్లి గడువు ముగిశాక వచ్చాడు. కోరంగి కుటుంబం గృహస్థుగా ఉన్నాననుకొని, ఒక ఉదయం తాను అతిథినని తెలుసుకుంది. అతిథి అనే మాటకు స్థిరమైన అర్థం లేదనీ, దాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి అనీ ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. దెలీల్ గ్రంథంలో ఈ రెండవ కుటుంబం కథ లేదు. అది అతని తప్పు కాదు. తరం కిందటే ఓడలెక్కిన కుటుంబాన్ని 2005 నాటి వీధిలో అతడు కలుసుకోలేడు. అయితే అతని గ్రంథాన్ని బర్మా గురించిన సంపూర్ణ సాక్ష్యంగా స్వీకరించే పాఠకుడిది మాత్రం తప్పే అవుతుంది.

7. ముగింపు

సైనిక పాలనలోని సమాజాన్ని గురించి అతిథి చెప్పే సాక్ష్యానికి విలువ ఉంది. స్థానికుడు నోరు విప్పలేని కాలంలో కొన్ని సంగతులు అతిథి నోటనే బయటికి వస్తాయి. ఆ విలువ నిలబడాలంటే తన పాదలేపం ఏమిటో అతడు ముందే చెప్పాలి. తన మాట వల్ల ఎవరి తలుపు తడతారో ఆలోచించి పేర్లూ ఆనవాళ్లూ వదిలివేయాలి. తన చూపు ఆగిన చోట కంచెను కంచెగానే గీయాలి. 'బర్మా క్రానికల్స్' ఈ మూడింటిలోనూ నిజాయితీగా కనిపిస్తుంది. దాని హాస్యాన్ని ఈ నిజాయితీయే సహించదగినదిగా చేసింది.

ఈ పరిశీలన మన పరిశోధనకు ఒక పని అప్పగిస్తుంది. తెలుగు ప్రవాస రచనలను చదివేటప్పుడు రచయిత ఏమి చూశాడని అడిగినట్లే, ఏ హోదాలో చూశాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోగల స్థితి అతనికి ఉందా, అతడు పేర్కొన్న మనుషులకు ఉందా అని కూడా అడగాలి. మరోవైపు, రంగం నుంచి తిరిగివచ్చిన కుటుంబాల జ్ఞాపకాలను తీరాంధ్రలోని కాలనీలలో వెతికి రాసుకోవలసి ఉంది. ఓడ దిగిన తరం వేగంగా తరిగిపోతోంది. అతిథి రాసిన బర్మా గ్రంథాలయాల్లో భద్రంగా ఉంది. గృహస్థులుగా బతికి అతిథులుగా వెలివేయబడినవారి బర్మా ఇంకా చాలావరకు కొందరు వృద్ధుల మాటల్లోనే ఉంది.